చేపల తొట్టె నీళ్లు మార్చడం: ఇంట్లో చేసుకునే పరికరాల్లో ఏది ఎవరికి?

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలోకి చేపల తొట్టె ఎక్కువగా పిల్లల పట్టుదల మీద వస్తుంది. ఏడాది తిరిగేసరికి అదే తొట్టె మేడ మీద ఖాళీ కుండీల పక్కన కనిపిస్తుంది. ఏమైందని అడిగితే చేపలు చచ్చిపోయాయంటారు. కాస్త ఓపికగా అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. మొదట్లో వారం వారం నీళ్లు మార్చేవారు, తరువాత పదిహేను రోజులకొకసారి, ఆ తరువాత నీళ్లు పచ్చబడినప్పుడు మాత్రమే. బకెట్లు మోయలేక వెనకబడ్డారు, చేపలు పోయింది ఆ తరువాత. మోత తగ్గించే సామాను ఖరీదైనదేమీ కాదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే గొట్టం, వాల్వు, ఇంట్లో ఉన్న ఖాళీ సీసా చాలు. చిక్కల్లా ఒక ఇంట్లో హాయిగా నడిచిన ఏర్పాటు మరో ఇంట్లో మూలన పడటమే. ఎవరి ఇంటికి ఏది పనికొస్తుందో తేల్చుకోవడానికే ఈ పోలిక.

నీళ్లు ఎందుకు మార్చాలన్నది క్లుప్తంగా చెప్పుకుందాం. చేపల విసర్జన, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టరులోనూ రాళ్ల మీదా పెరిగే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషమే. నైట్రేట్ వాటంత ప్రమాదం కాకపోయినా పోగవుతూనే ఉంటుంది, మామూలు ఫిల్టరు దాన్ని తీసివేయలేదు. ఆవిరైనంత మేరకు పైన నీళ్లు పోస్తూ ఉంటే చాలుననుకునేవారు ఉన్నారు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, లవణాలూ నైట్రేటూ తొట్టెలోనే ఉండిపోతాయి. అందుకే వారానికి పావు వంతు తీసి కొత్త నీళ్లు పోయాలి. గోల్డ్‌ఫిష్ ఎక్కువ మలినం చేస్తాయి కాబట్టి వాటికి మూడో వంతు నుంచి సగం దాకా మార్చడం మంచిది.

మన వైపు ఇంకో అలవాటు బలంగా ఉంది. నెలకొకసారి తొట్టె మొత్తం ఖాళీ చేసి, రాళ్లను కుళాయి కింద బరబరా కడిగి, ఎండబెట్టి, మళ్లీ సర్దుతారు. ఇల్లు శుభ్రం చేసినట్టే ఉంటుంది గాని, అమ్మోనియాను తినే బాక్టీరియా ఆ క్లోరిన్ నీటికీ ఆ ఎండకూ పోతుంది. రెండు మూడు రోజుల్లో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఈ పనిని దయచేసి మానండి. కింద చెప్పే పరికరాల్లో ఏదైనా సరే, మొదట చేసే మేలు ఈ నెలవారీ ఊడ్చివేతను అనవసరం చేయడమే.

ముందు మోత ఎక్కడుందో చూడండి

ఒక ఘనపుటడుగు జాగాలో సుమారు 28 లీటర్ల నీరు పడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె అంచు దాకా నింపితే 56 లీటర్లు. పావు వంతంటే 14 లీటర్లు, ఒక బకెట్. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తయితే 190 లీటర్లు. పావు వంతు 48 లీటర్లు, అంటే మూడు బకెట్లు బయటికి, మూడు బకెట్లు లోపలికి. నాలుగడుగుల తొట్టెకు పావు వంతే 64 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు కాబట్టి, మూడడుగుల తొట్టె ఉన్న ఇంట్లో వారం వారం దాదాపు క్వింటాలు నీరు ఒకరి చేతుల మీదుగా నడుస్తోందన్నమాట.

దానికి తోడు మన ఇళ్ల తీరు. బరంపురం పాత వీధుల్లో ఇళ్లు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వచ్చినవాళ్లకు కనబడాలని తొట్టె వీధి గదిలో పెడతారు, నుయ్యో బోరు కుళాయో పెరట్లో ఉంటుంది, మధ్యలో రెండు మూడు గడపలు. నిండు బకెట్‌తో గడప దాటడం నడుముకు ఎంత పనో దాటేవారికి తెలుసు. అపార్టుమెంట్లలో దూరం తక్కువే గాని, మున్సిపాలిటీ నీళ్లు వచ్చే వేళకు మనం ఇంట్లో ఉండాలి.

పనిని మూడు ముక్కలుగా చూస్తే ఎంపిక తేలికవుతుంది: పాత నీళ్లు తీయడం, కొత్త నీళ్లను చేపలకు తగినట్టు సిద్ధం చేయడం, వాటిని తొట్టెలోకి ఎక్కించడం. అమ్మే పరికరాలూ, వీడియోల్లో చూపే చిట్కాలూ మొదటి దాని గురించే ఎక్కువ మాట్లాడతాయి. నా అనుభవంలో నిజమైన శ్రమ మూడో దానిలో ఉంది. నీరు పల్లానికి తనంతట తానే పోతుంది, నాలుగడుగుల ఎత్తున ఉన్న అంచు దాకా ఎక్కించడానికే మనిషి కావాలి. నడుము నొప్పి ఉన్న ఇంట్లో తీసే పరికరం మీద డబ్బు పెట్టి, నింపేటప్పుడు మళ్లీ బకెట్ ఎత్తడం అర్థం లేని పని.

సీసా సైఫన్: ప్రతి ఇంట్లో ఉండాల్సింది

సైఫన్ అంటే ఎత్తున ఉన్న నీటిని నిండు గొట్టం ద్వారా పల్లానికి తనంతట తానే పారేలా చేసే ఏర్పాటు. మగ్గుతో తోడితే పై నీళ్లే పోతాయి, మురికి అడుగున రాళ్ల మధ్య అలాగే ఉంటుంది. ఉత్త గొట్టంతో లాగితే మురికితో పాటు రాళ్లూ ఇసుకా వచ్చేస్తాయి. ఈ రెండు ఇబ్బందులకూ ఒకే మందు, గొట్టం చివర వెడల్పాటి మూతి. దాన్ని సీసాతో చేసుకోవచ్చు.

మందంగా ఉండే శీతల పానీయం సీసా తీసుకోండి, 600 లేదా 750 మిల్లీలీటర్లది. తాగునీళ్ల సీసాలు పలుచన, లాగేటప్పుడు నొక్కుకుపోతాయి. అడుగు భాగం కోసివేసి, అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. మూతలో గొట్టం కంటే కొద్దిగా చిన్న రంధ్రం చేయండి. గొట్టం కొసను ఏటవాలుగా కోసి, వేడి నీళ్లలో ఒక నిమిషం ముంచితే మెత్తబడుతుంది. అప్పుడు రంధ్రంలో దూర్చి పట్టకారుతో లాగితే బిగుసుకుంటుంది. జిగురు అక్కరలేదు. సందు మిగిలితే సిలికాన్ వాడవచ్చు గాని, బాత్‌రూముల కోసం అమ్మే బూజు నిరోధక సిలికాన్ మాత్రం వద్దు, అందులోని మందు చేపలకు హాని. మామూలు గాజు పని సిలికాన్ పూసి, పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి.

గొట్టానికి తాపీమేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శక గొట్టం చాలా బాగుంటుంది. మురికి వస్తున్నదో లేదో కళ్ల ముందే కనిపిస్తుంది. అరంగుళం గొట్టమైతే, రెండు మీటర్ల పొడవుతో, తొట్టె నీటి మట్టానికీ బకెట్‌కూ రెండున్నర అడుగుల తేడా ఉన్నప్పుడు నిమిషానికి పది లీటర్లకు అటూ ఇటూ పారుతుంది. రెండడుగుల తొట్టెకు ఇది ఎక్కువ వేగమే. రాళ్లు కదిపి చూసుకునేలోపే బకెట్ నిండుతుంది. చిన్న తొట్టెకు ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టం చాలు.

ఈ పరికరం ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే సరిచేసుకోవడం సులువు. గొట్టం 12 మిల్లీమీటర్లు, సీసా 60 మిల్లీమీటర్లు అయితే, వ్యాసం అయిదు రెట్లు, వైశాల్యం ఇరవై అయిదు రెట్లు. కాబట్టి సీసాలో నీటి వేగం గొట్టంలోని వేగంలో ఇరవై అయిదో వంతుకు పడిపోతుంది. ఆ మెల్లని ప్రవాహం తేలికైన మురికిని పైకి తీసుకుపోతుంది, బరువైన గులకరాయి కాస్త లేచి మళ్లీ కిందికి జారుతుంది. చెరిగేటప్పుడు చేటలో పొట్టు ఎగిరి గింజ మిగిలినట్టే. రాళ్లు కూడా పైకి పోతుంటే గొట్టాన్ని వేళ్లతో కొంచెం నొక్కండి, లేదా వెడల్పాటి సీసాకు మారండి. మురికి లేవకపోతే గొట్టం సన్నమైందని అర్థం. సన్నని ఇసుక పరిచినవారు మూతిని ఇసుకలో గుచ్చకుండా అంగుళం పైన తిప్పితే చాలు.

నోటితో పీల్చి మొదలుపెట్టడం మానాలి. ఆ నీళ్లలో ఏ క్రిములు ఉంటాయో మనకు తెలియదు. గొట్టాన్ని కుళాయి కింద నింపి, బొటనవేలితో మూసి, సీసాను తొట్టెలో ముంచాక వేలు తీస్తే చాలు. లేదా సీసాను నీళ్లలో ముంచి, నిండాక నీటి పైకి ఎత్తి, సగం నీళ్లు గొట్టంలోకి జారగానే మళ్లీ ముంచాలి. రెండు మూడు సార్లలో చేయి తిరుగుతుంది. చేతి మీద కోత, పుండు ఉంటే తొట్టెలో చేయి పెట్టవద్దు. చేపల తొట్టె నీటిలోని ఒక రకం బాక్టీరియా గాయం ద్వారా చర్మంలోకి చేరి నెలల తరబడి మానని గడ్డలు తెస్తుంది.

గప్పీలు, మోలీలు వంటి, నేరుగా పిల్లలు పెట్టే చిన్న చేపలు పెంచేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. తీసిన నీళ్లు తెల్లని బకెట్‌లో పడేలా చూసి, పారబోసే ముందు కాస్త సేపు గమనించండి. చేప పిల్లలు గొట్టంలో పడి వస్తుంటాయి, తెలుపు మీద కనబడతాయి.

పీవీసీ కొక్కెం, పొడవాటి గొట్టం

మూడడుగులు, ఆ పైన ఉన్న తొట్టెలకు, అదీ పొడవాటి ఇళ్లలో, నా మొదటి ఓటు దీనికే. ముప్పావంగుళం పీవీసీ పైపుతో తొట్టె అంచుకు తగిలించే కొక్కెం చేసుకోవాలి. లోపలికి దిగే కాలు, అంచు మీదుగా రెండు ఎల్బోలు (వంపు ముక్కలు), బయటికి దిగే కాలు, దాని చివర బాల్ వాల్వు, వాల్వుకు నిపుల్ (గొట్టం తొడిగే ముక్క), నిపుల్‌కు పెరటి దాకా గొట్టం, గొట్టం జారకుండా ఒక క్లాంపు. బయటి వైపు కీళ్లు పీవీసీ సిమెంటుతో, అంటే పైపుల జిగురుతో, అతికించండి. లోపలి కాలును ఊరికే బిగించి వదిలితే కడగడానికి ఊడదీసుకోవచ్చు. ఖర్చంతా గొట్టం పొడవులోనే ఉంటుంది.

దీని అసలు గొప్పతనం లోపలి కాలు పొడవులో ఉంది. నీటి లోతు 16 అంగుళాలుంటే, కాలు మూతి సరిగ్గా నీటి మట్టానికి 4 అంగుళాల కింద ఉండేలా కోయండి. పావు వంతు దిగగానే గాలి లోపలికి పోయి సైఫన్ దానంతట అదే ఆగిపోతుంది. ఫోను వచ్చినా, పొయ్యి మీద పాలు పొంగినా, వీధిలో ఎవరో పిలిచినా తొట్టె అడుగంటదు. గడియారం, అలారం, కాపలా ఏదీ అక్కరలేదు. చేపలు పీల్చుకుపోకుండా మూతికి స్పాంజి ముక్కో, రంధ్రాలు చేసిన మూతో పెట్టాలి.

మొదలుపెట్టడానికి గొట్టం రెండో కొసను కుళాయికి తగిలించి, వాల్వు తెరిచి మెల్లగా నీళ్లు వదలండి. గొట్టంలోని గాలి తొట్టెలోకి బుడగలుగా వస్తుంది. బుడగలు ఆగగానే కుళాయి కట్టేసి, వాల్వు మూసి, గొట్టం కొసను మొక్కల పాదులోకి తీసుకెళ్లి మళ్లీ వాల్వు తెరవాలి. తొట్టెలో చేరే ఆ కొద్ది కుళాయి నీటి వల్ల పెద్ద తొట్టెకు ఇబ్బంది లేదు. గడపలు ఎక్కి దిగినా ఫరవాలేదు, చివరి కొస తొట్టె నీటి మట్టం కంటే కిందుంటే నీరు పారుతూనే ఉంటుంది. గొట్టం మెలికలు పడి మధ్యలో గూనులు లేస్తే మాత్రం గాలి చిక్కుకుని ధార సన్నబడుతుంది.

ఇక్కడ అరంగుళం గొట్టం కొని డబ్బు మిగిల్చామనుకోవద్దు. పొడవు పెరిగే కొద్దీ రాపిడి పెరుగుతుంది. పదిహేను మీటర్ల దూరానికి అరంగుళం గొట్టంలో నిమిషానికి అయిదు లీటర్లు రావడం కష్టం, ముప్పావంగుళంలో దాదాపు మూడింతలు వస్తుంది. 48 లీటర్లు మూడు నాలుగు నిమిషాల్లో పోవడానికీ, పది నిమిషాలు పట్టడానికీ తేడా అదే.

కొక్కేనికి ఒక లోటుంది. అది నీళ్లు తీస్తుంది గాని రాళ్ల మధ్య మురికి తీయదు. అందుకే ఇంట్లో సీసా సైఫన్ కూడా ఉండాలి. రెండు వారాలకొకసారి ఒక బకెట్ దానితో, మిగతా నీళ్లు కొక్కెంతో. ఏది వాడినా ముందు ఫిల్టరు, హీటరు ప్లగ్గులు తీసివేయండి. వేడెక్కిన గాజు హీటరు నీటి నుంచి బయటపడితే పగులుతుంది. కోరాపుట్, సిమిలిగుడ కొండ ప్రాంతాల్లో చలికాలంలో హీటరు వాడే ఇళ్లవారు ఇది మరవకూడదు.

దుకాణాల్లో కుళాయి ధారతో తొట్టె నీటిని లాగే తయారీ పరికరాలూ దొరుకుతాయి. గంట సేపు నీళ్లు వచ్చే ఊళ్లలో, ఒక బకెట్ తీయడానికి అంతకు మించి మంచినీళ్లు కాలువ పాలు చేసే పద్ధతిని నేను ఎవరికీ చెప్పను.

నింపడానికి: ఎత్తున పెట్టిన క్యానా, మోటారా?

రెండడుగుల తొట్టెకు 20 లీటర్ల తాగునీటి క్యాను, అడుగున కుళాయి ఉన్నది, సాటిలేనిది. తొట్టె అంచు కంటే ఎత్తైన అరుగు మీదో గట్టి బీరువా పక్కన అలమర మీదో ఖాళీగా పెట్టండి, ఆ తరువాత మగ్గుతో కొంచెం కొంచెంగా నింపండి. రాత్రంతా గదిలో ఉండటం వల్ల క్లోరిన్ తగ్గుతుంది, వేడి కూడా తొట్టె నీటితో సమానమవుతుంది. మరునాడు కుళాయికి సన్నని గొట్టం తగిలించి వదిలితే చాలు. కరెంటు లేదు, చప్పుడు లేదు. పర్లాకిమిడిలో మోకాళ్ల నొప్పులున్న మా పిన్నిగారు ఈ ఏర్పాటుతోనే తన గప్పీలను చూసుకుంటున్నారు. మగ్గు తప్ప బరువేదీ ఎత్తాల్సిన పని ఆవిడకు లేదు.

అదే సూత్రంతో యాభై లీటర్ల డ్రమ్మును ఎత్తున పెట్టాలనుకుంటే నేను వద్దంటాను. యాభై కిలోల నీరు చెక్క స్టూలు మీద, కింద గాజు తొట్టె, చుట్టూ పిల్లలు. గోడలోకి దిగిన రాతి అరుగో సిమెంటు అలమరో ఉంటే తప్ప ఆ సాహసం చేయకూడదు.

పెద్ద తొట్టెకు డ్రమ్మును నేల మీదే ఉంచి, కూలర్లలో వాడే 18 వాట్ల చిన్న పంపుతో ఎక్కించడం మేలు. ఇందులో చాలామంది నిరుత్సాహపడే చోటు ఒకటుంది. పంపు పెట్టె మీద రాసిన లీటర్ల లెక్క ఎత్తు లేనప్పటిది. ఈ చిన్న పంపులు అయిదారడుగుల దగ్గర పూర్తిగా చేతులెత్తేస్తాయి, నాలుగడుగుల దగ్గరికే ధార బాగా తగ్గిపోతుంది. లెక్కలోకి వచ్చే ఎత్తు డ్రమ్ములోని నీటి మట్టం నుంచి గొట్టం కొస దాకా. డ్రమ్ము ఖాళీ అయ్యే కొద్దీ ఆ ఎత్తు పెరిగి ధార సన్నబడుతుంది. డ్రమ్ము కింద రెండు ఇటుకల వరసలు పేర్చినా తేడా కనిపిస్తుంది. నాలుగడుగుల తొట్టె, ఎత్తైన స్టాండు ఉన్నవారు మొదటే 35 – 40 వాట్ల పంపు తీసుకోవాలి.

పంపు కొత్తదే కావాలి, కూలరులో పాతబడినది కాదు. దాని తీగ మీద పగుళ్లుంటే నీళ్లలో పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. తొట్టెలోనో డ్రమ్ములోనో చేయి పెట్టే ముందు ప్లగ్గు బయట ఉండాలి, స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. తీగ ప్లగ్గులోకి వెళ్లే ముందు కిందికి వేలాడి పైకి వంగేలా ఉంచితే, తీగ వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గర కింద పడుతుంది. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి కారితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. చేపలు లేని ఇంటికి కూడా అది అవసరమే.

గొట్టం కొసను తొట్టె నీటిలో ముంచి ఉంచి పంపు ఆపితే, తొట్టె నీళ్లు వెనక్కి డ్రమ్ములోకి దిగడం మొదలవుతుంది. కొసను నీటి మట్టానికి పైనే కట్టండి. ధార నేరుగా ఇసుక మీద పడితే గుంట పడుతుంది కాబట్టి కింద ఒక పళ్లెం ఉంచండి, లేదా గొట్టం కొస మూసి పక్కన వరసగా చిన్న రంధ్రాలు చేయండి.

డ్రమ్ము విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఫ్యాక్టరీల నుంచి వచ్చే పాత నీలం డ్రమ్ములు చవకగా దొరుకుతాయి. వాటిలో ఏ రసాయనం ఉండేదో అమ్మేవాడికీ తెలియదు. ఎంత కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది నీటిలోకి దిగుతూనే ఉంటుంది. నీళ్ల కోసమే చేసిన కొత్త డ్రమ్ము కొనండి, దాన్నీ బకెట్‌నూ సబ్బుకు దూరంగా ఉంచండి.

బొట్టు బొట్టుగా మార్చడం

బిందు సేద్యంలో వాడే డ్రిప్పరుతో రోజంతా కొత్త నీరు పడుతూ, పాతది పొర్లు గొట్టం గుండా పోయే ఏర్పాటు కొందరు చేస్తారు. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు పన్నెండు గంటల్లో 48 లీటర్లు ఇస్తుంది. మనిషి పని దాదాపు ఉండదు. అయితే కొత్త నీరు పాతదానితో కలిసి కొంత బయటికి పోతుంది కాబట్టి పావు వంతు నీరు పోసినా మారేది 22 శాతమే. తొట్టెకు రంధ్రం చేయాలి, గట్టిపరిచిన గాజైతే డ్రిల్లు పెట్టగానే ముక్కలవుతుంది. పొర్లు గొట్టంలో నాచు అడ్డుపడితే వీధి గది తడిసిపోతుంది. సొంత బోరు ఉండి, పది తొట్టెల్లో చేప పిల్లలు తీయించి అమ్మేవారికి ఇది తగినది. ఒక్క తొట్టె ఉన్నవారు, అద్దె ఇంట్లో ఉన్నవారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

కొత్త నీళ్ల సంగతి

ఎంత మంచి పరికరమైనా, పోసే నీరు సరిగా లేకపోతే చేపలకు మేలు జరగదు. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. మనకు రక్షణ ఇచ్చే అదే క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది. మూత తీసి ఒక రోజు ఉంచితే పోతుంది, గాలి పంపు రాయి వేస్తే ఇంకా త్వరగా పోతుంది. తొందరైతే హైపో స్ఫటికాలు, అంటే సోడియం థయోసల్ఫేట్, చేపల దుకాణాల్లో దొరుకుతుంది. ఒక్క గ్రాము నూరు లీటర్ల మామూలు కుళాయి నీటికి సరిపోతుంది.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదని నేరుగా పోసేయకండి. భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువ, కరిగిన బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. రాత్రంతా డ్రమ్ములో గాలి తగలాలి. తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి దిగితే ఇనుము ఉన్నట్టు, పై నీటినే వాడండి. పంపును అడుగుకు ఆనించకుండా ఇటుక మీద పెడితే ఆ మడ్డి తొట్టెలోకి రాదు.

రాయగడ, గుణుపురం ఎండల్లో మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనట్టు కాగుతాయి. కోరాపుట్ వైపు జనవరి ఉదయం నీళ్లు దానికి తలకిందులు. పాత, కొత్త నీటికి రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోస్తే తెల్లమచ్చల జబ్బు తరచూ వెంటే వస్తుంది. గదిలో ఉంచిన డ్రమ్ము ఈ సమస్యను అడగకుండానే తీరుస్తుంది, నేను డ్రమ్ము పక్షం వహించడానికి ఇదే పెద్ద కారణం.

తుపాన్ల కాలం వేరే లెక్క. 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచెత్తిన తిత్లీ చూసినవారికి, కరెంటు లేని రోజులంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అప్పుడు మోటారు ఏర్పాటు ఒక్కటే ఉన్న ఇల్లు నిస్సహాయంగా ఉంటుంది. సీసా సైఫన్, ఎత్తున పెట్టిన క్యాను మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తాయి. వాతావరణ హెచ్చరిక రాగానే డ్రమ్ము నింపి పెట్టుకోండి. వరద తరువాత నూతుల్లో, ట్యాంకుల్లో బ్లీచింగ్ పౌడర్ ఎక్కువగా వేస్తారు కాబట్టి ఆ నీటిని వెంటనే తొట్టెలో పోయకూడదు. కరెంటు వచ్చేదాకా మేత ఆపి, గంటకొకసారి మగ్గుతో తొట్టె నీటినే తీసి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉంటే చేపలకు గాలి అందుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కొన్ని రోజులు మేత లేకుండా ఉండగలవు, గాలి లేకుండా ఉండలేవు.

ఎవరికి ఏది

రెండడుగుల తొట్టె, ఏ ఇల్లయినా: ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టంతో సీసా సైఫన్, ఎత్తున 20 లీటర్ల క్యాను. ఇంతకు మించి ఏదీ కొనకండి. పెద్దవయసు వారికి, ఒంటరిగా ఉండేవారికి కూడా ఇదే.

పొడవాటి పాత ఇల్లు, మూడు నాలుగు అడుగుల తొట్టె: తీయడానికి ముప్పావంగుళం కొక్కెం, మురికికి సీసా సైఫన్, నింపడానికి తొట్టె ఉన్న గదిలోనే మూలన డ్రమ్ము, పంపు. ఖాళీ డ్రమ్మును నింపడానికి కూడా ఆ పొడవాటి గొట్టాన్నే పెరటి కుళాయికి తగిలించవచ్చు. దాంతో బకెట్ అనే మాటే ఉండదు. గొట్టం కొన్న డబ్బు రెండు వైపులా పనికి వచ్చినట్టు.

అపార్టుమెంటులో, నీళ్లు వేళకు వచ్చే చోట: డ్రమ్ముకే మొదటి స్థానం. ఉదయం నీళ్లు వచ్చినప్పుడు నింపి వదిలేస్తే సాయంత్రం తీరిక చూసుకుని, ఒక హైపో స్ఫటికం వేసి వాడుకోవచ్చు. గొట్టం స్నానాల గది దాకా అయిదారు మీటర్లు చాలు కాబట్టి అరంగుళం సరిపోతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు వెళ్లిపోయేటప్పుడు మొత్తం విప్పి తీసుకుపోవచ్చు.

కరెంటు తరచూ పోయే పల్లెల్లో పంపును ఇన్వర్టరు మీద నడపవచ్చు, 18 వాట్లు దానికి బరువు కాదు. ఇన్వర్టరు లేకపోతే రెండు క్యాన్లను అలమర మీద పక్కపక్కన పెట్టి ఒకదాని తరువాత ఒకటి వదలడం మోటారు కంటే నమ్మకమైన దారి.

తీసిన నీళ్లు పారబోయవద్దు. నైట్రేట్ మొక్కలకు ఎరువే, మల్లె పాదుకూ కనకాంబరాలకూ ఎంతో మంచిది. తొట్టెలో ఉప్పు గానీ మందు గానీ వేసిన వారాల్లో మాత్రం ఆ నీళ్లను కాలువలోకే వదలాలి. పని అయ్యాక గొట్టంలో నీళ్లు పూర్తిగా జార్చి, నీడలో చుట్టగా వేలాడదీయండి. ఎండలో పడేస్తే గట్టిపడి పగులుతుంది, నీళ్లు మిగిలితే లోపల నాచు పడుతుంది.

ఇక దుకాణానికి వెళ్లేముందు తొట్టె నుంచి పాదు దాకా తాడుతో కొలవండి, గడపల మీదుగా, గోడ మలుపుల వెంట, గొట్టం నిజంగా పడుకునే దారిలో. వచ్చిన పొడవుకు ఒక మీటరు కలిపి, చుట్ట నుంచి ఒకే ముక్కగా కోయించుకోండి. మధ్యలో అతుకు పడిన చోటే ముందుగా కారుతుంది.